అమ్మ బొమ్మ కింది అట్టలు

చింతగింజలు ఉడికేటప్పుడు వచ్చే వాసన మా కోడలికి పడదు. ఆ వాసన వచ్చిందంటే నేను మళ్ళీ ఒక బొమ్మకు పలక తయారు చేస్తున్నానని ఆమెకు అర్థమైపోతుంది. కింద వంటింటి కిటికీ మూసేస్తుంది. నేను మిద్దె మీద ఉంటాను కాబట్టి నాకు కిటికీ చప్పుడు మాత్రమే వినబడుతుంది. ఇన్నేళ్ళలో ఆమె మూయడం మానలేదు, నేను ఉడకబెట్టడం మానలేదు.

నేను బొమ్మలు వేస్తాను. హిందూపురంలో మా ఇంటి మిద్దె మీద ఒక రేకుల గది ఉంది, అక్కడే వేస్తాను. చదివింది మూడో తరగతి దాకా. ఆ తర్వాత మా అమ్మ వెంట మార్కెట్ యార్డుకు పోయి చింతపండు కొట్టాను. ఎగ్జిబిషన్లలో నా గురించి మైకులో చెప్పేవాళ్ళు, ఈ అవ్వ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పుట్టుకతో వచ్చిన విద్య అంటారు. అది అబద్ధం. మా ఆయన బోర్డులు రాసేవాడు. అంగళ్ళ బోర్డులు, లారీల వెనక నెమళ్ళు, ఊర్లోకి సర్కసు వస్తే సర్కసు పులులు. ఆయన గీత గీస్తే లోపల రంగు నింపింది నేను. బ్రష్షును ఎట్లా తుడవాలో, రంగును ఎంత పలచన చేయాలో, ఒక రంగు పక్కన ఇంకొకటి ఎప్పుడు పెట్టాలో ఆయన తిట్టి తిట్టి నేర్పించాడు. పుట్టుకతో వచ్చి ఉంటే అన్ని తిట్లు తినేదాన్ని కాను.

ఫ్లెక్సులు వచ్చాక బోర్డుల పని పోయింది. కొన్నాళ్ళకు ఆయనా పోయాడు. గది నిండా ఎనామిల్ రంగు డబ్బాలు మిగిలాయి. మూత గట్టిగా బిగించి తలకిందులుగా పెడితే రంగు ఏళ్ళ తరబడి ఎండదు. వాటిని పారేయడానికి నాకు మనసొప్పలేదు. కొనేవాళ్ళు లేరు. ఉన్న రంగు ఎండిపోకముందే వాడేయాలని మొదలుపెట్టాను. నేను బొమ్మలు వేయడానికి ఇంతకుమించి పెద్ద కారణం ఏమీ లేదు.

రంగు ఉంది, బ్రష్షులు ఉన్నాయి, వేయడానికి ఏమీ లేదు. కాన్వాసు గుడ్డ బెంగళూరు నుంచి తెప్పించుకోవాలన్నారు. కట్టుకునే చీరకే అంత పెట్టని నేను బొమ్మ వేసే గుడ్డకు ఎందుకు పెడతాను? ఆ రోజుల్లోనే ధర్మవరంలో మా చెల్లెలు మగ్గం తీసేసింది.

మా చెల్లెలిని నేతగాళ్ళ ఇంటికి ఇచ్చాం. మా మరిది మంచి పనివాడు. అతను పోయాక మా చెల్లెలి కొడుకు చేతి మగ్గం గుంతను పూడ్చి, సిమెంటు వేసి, మర మగ్గాలు పెట్టుకున్నాడు. అటక ఖాళీ చేస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. పాత అట్టల కట్టలు ఒకటొకటే కింద పడుతున్నాయి. చీర అంచులో పువ్వు ఎక్కడ లేవాలో, ఆకు ఎక్కడ ఆగాలో మగ్గానికి చెప్పేవి ఆ అట్టలే. ఒక్కొక్కటి మూరెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు, ఒళ్ళంతా సన్నటి తూట్లు. వాటిని దారంతో వరసగా కుట్టి మగ్గం పైన మాలలాగా వేలాడదీస్తారు. ఆ డిజైను ఎవరికీ వద్దనుకున్నప్పుడు చుట్టి అటక మీద పడేస్తారు.

"ఇవన్నీ ఏం చేస్తావు?" అని అడిగాను.

"నీళ్ళ పొయ్యిలోకి. చెదలు పట్టకముందే కాల్చేస్తే పీడ పోతాది" అంది మా చెల్లెలు.

"కాల్చొద్దు. నాకియ్యి."

"నీకెందుకక్కా? మగ్గమేమన్నా పెడతావా ఈ వయసులో?"

"ఇయ్యిమే అంటే."

గోతాముల్లో కుక్కి, రైలులో సీట్ల కింద తోసి, హిందూపురం తెచ్చుకున్నాను. పక్కన కూర్చున్నాయన కాళ్ళు పెట్టుకోవడానికి చోటు లేదని స్టేషను వచ్చేదాకా సణిగాడు.

అట్టను పలకగా మార్చడం ఒక్క రోజులో వచ్చిన పని కాదు. ముందు మాల దారం విప్పుతాను. ఆ దారం బొంతలు కుట్టడానికి పనికొస్తుంది, దాచుకుంటాను. ప్రతి అట్టకూ రెండు కొనల్లో బొటనవేలంత పెద్ద తూట్లుంటాయి. ఎంత సుద్ద పెట్టినా వాటి మీద రంగు గుంతపడుతుంది. అందుకని రెండు కొనలూ కత్తెరతో కోసేస్తాను. కోసిన ముక్కలు నీళ్ళ పొయ్యిలోకి. తర్వాత అట్టలను నిలువుగా ఒక వరస, దాని మీద అడ్డంగా ఒక వరస చింతగింజల బంకతో అతికిస్తాను. అట్లా అడ్డం నిలువు వేస్తే పలక వంకరపోదు. వెనక పాత పంచె గుడ్డ, ముందు సుద్దపొడి కలిపిన బంక. బంకలో కొంచెం మైలుతుత్తం వేయాలి. లేకపోతే బొద్దింకలు రాత్రికి రాత్రి బొమ్మను నాకేస్తాయి. ఒకసారి మైలుతుత్తం తక్కువైంది. ఊరేగింపు బొమ్మలో ఏనుగు తొండం తెల్లారేసరికి లేదు.

ఆ రేకుల గది కష్టాలు చెప్పుకుంటే చాలా ఉన్నాయి. ఎండాకాలంలో బంక పెట్టిన గంటకే పగిలిపోతుంది. మా ఊర్లో నీళ్ళకు కరువు కాబట్టి, బంక ఉడకబెట్టే నీళ్ళు, చేతులు కడిగే నీళ్ళు అన్నీ లెక్కగా వాడుకోవాలి. ఎనామిల్ ఆరడానికి గాలి కావాలి, గాలి వస్తే దుమ్ము వస్తుంది. అదే మిద్దె మీద కోడలు మిరపకాయలు ఆరబోస్తుంది. ఆ గింజలు ఎగిరొచ్చి తడి రంగుకు అంటుకుంటాయి.

"ఈ మిద్దె మింద నా మిరపకాయలన్నా ఉండల్ల, నీ బొమ్మలన్నా ఉండల్ల అత్తా" అంటుంది.

"రెండూ ఉంటాయి. నువ్వు మధ్యలో నిలబడొద్దు."

"ఆకాశానికి మిరపగింజలు పుట్టినాయని మొన్న ఎగ్జిబిషన్‌లో ఎవరో నవ్వినారంట."

"నవ్వనీ. వాళ్ళు మిరపకాయలు కొనుక్కొని తినేవాళ్ళు."

ఆమె చెప్పింది నిజమే. హిందూపురంలో నా మొదటి ఎగ్జిబిషన్ ఒక బడి హాల్లో జరిగింది. గోడకు మేకులు కొట్టకూడదన్నారు. బెంచీలకు ఆనించి పెట్టుకున్నాం. చూడటానికి వచ్చినవాళ్ళకు బొమ్మలు మోకాళ్ళ దగ్గర ఉన్నాయి. ఒకాయన వేలితో గట్టిగా నొక్కి, "ఏమవ్వా, చేత్తో ఏసిందేనా, ప్రింటా?" అని అడిగాడు. వేలి గుర్తు ఇప్పటికీ ఆ బొమ్మలో బావి గట్టు మీద ఉంది. ఇంకొకామె చాలాసేపు చూసి, దేవుని బొమ్మ ఒకటి వేసిస్తావా, మీ ఊరోళ్ళ బొమ్మలు మా ఇంట్లో ఎట్లా పెట్టుకునేది అంది. అప్పుడు కోపం వచ్చింది. ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఆమె అన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు. అయినా దేవుని బొమ్మ వేయలేదు.

నేను వేయాలనుకున్న బొమ్మ ఒకటే ఉంది. దానికి ముందు వేసినవన్నీ చేయి తిరగడానికే వేశాను.

మా అమ్మకు ఫోటో లేదు. ఒక్కటి కూడా లేదు. ఆమె ముఖం జ్ఞాపకం ఉన్నవాళ్ళం ఇప్పుడు నేనూ, మా చెల్లెలూ ఇద్దరమే. మార్కెట్ యార్డులో చింతపండు కుప్పల మధ్య ఆడవాళ్ళు వరసగా కూర్చుని, చిన్న సుత్తితో కాయ కొట్టి గింజ తీస్తుంటారు. ఆ వరసలో మా అమ్మను కూర్చోబెట్టాలనుకున్నాను. ఆ బొమ్మ కోసం ఒక అట్టల కట్టను విడిగా దాచిపెట్టాను. మిగతా కట్టలు మెత్తబడి, మూలలు నలిగి ఉండేవి. ఈ కట్ట మాత్రం ఎక్కువగా వాడినట్టు లేదు, బిరుసుగా ఉంది. ఎర్ర పట్టు పీలికతో కట్టి ఉంది. మంచి సామాను చవక పనికి వాడటం నాకు నచ్చదు. మంచి బొమ్మకని మంచి అట్టలు ఆపుకున్నాను. ఆ బొమ్మ మొదలుపెట్టినప్పుడు కట్టంతా దానికే సరిపోయింది. ఒక్క అట్ట కూడా మిగల్లేదు, తక్కువ పడలేదు. అందుకు సంతోషించాను కూడా.

చింతపండు రంగు తొందరగానే వచ్చింది. మిగతా ఆడవాళ్ళు వచ్చారు. గోతాలు, తక్కెడ, రేకుల నీడ అన్నీ వచ్చాయి. అమ్మ ముఖం మాత్రం రాలేదు. వేయడం, చూడటం, బ్లేడుతో గీకడం, మళ్ళీ వేయడం. గీకి గీకి అక్కడ సుద్ద పొరంతా పోయింది. చివరికి అట్ట మీదే నేరుగా రంగు పెట్టాల్సి వచ్చింది. అట్లా పెట్టినప్పుడు ఒకరోజు పొద్దున ముఖం కుదిరింది. ఎట్లా కుదిరిందో నాకు తెలియదు. బ్రష్షు కింద పెట్టేసి కిందికి దిగిపోయాను. ఇంకొక్క చుక్క పెడితే పోతుందని భయం.

పెనుకొండలో కొండ కింద ఒక కల్యాణ మండపంలో ఎగ్జిబిషన్ పెట్టారు. బొమ్మను బొంతలో చుట్టి గూడ్సు ఆటోలో తీసుకుపోయాను. మంచమంత బొమ్మ అది. ఆ ఊర్లో గాలి ఎక్కువ. మొదటి రోజే రెండు మూడు బొమ్మలు కింద పడ్డాయి. కాన్వాసు మీద వేసినవాళ్ళు పరుగెత్తి పట్టుకుంటున్నారు. నాది బరువైన పలక, కదల్లేదు. అందుకేనేమో దాన్ని తలుపుకు ఎదురుగా నడిమధ్యలో పెట్టారు. నిర్వాహకులలో ఒకాయన రెండుసార్లు వచ్చి చూసి, ఈ బొమ్మను అనంతపురంలో పెద్ద ఎగ్జిబిషన్‌కు పంపుదాం, మీరు సరేనంటే చాలు అన్నాడు. అంతకుముందు నన్ను ఎవరూ అట్లా అడగలేదు. ఆలోచించి చెబుతానన్నాను. అప్పుడే సరే అని ఉంటే బొమ్మ అటునుంచి అటే పోయేది. చెల్లెలు చూడకుండా పంపడం ఇష్టం లేకపోయింది.

మరునాడు మా చెల్లెలు, ఆమె కొడుకు ధర్మవరం నుంచి వచ్చారు. చెల్లెలు బొమ్మ ముందర చాలాసేపు నిలబడింది.

"అమ్మ ఎడమ మోకాలు కదక్కా పైకి పెట్టుకొని కుచ్చునేది. నువ్వు కుడిది పెట్టినావు" అంది.

"కుడిదే."

"కుడికాలు నొప్పి కదా అమ్మకు. ముడవనిచ్చేది కాదు."

"ఆ నొప్పి ముసలిదయినాక వచ్చింది. అప్పటికి నువ్వు ధర్మవరంలో ఉండావు. నీకేం తెల్సు?"

"సరేలే. మోకాలు ఏదైతేనేం" అని ఇంకొంచెం దగ్గరికి పోయింది. "ముఖం మాత్రం అమ్మదే. పైకి చూడాలంటే ఇట్లనే కదా, తల ఎత్తకుండా కండ్లు మాత్రం ఎత్తేది."

మా చెల్లెలు ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. నేను కూడా కాదు. ఆ మాట విని నేను వేరే బొమ్మ వైపు చూశాను.

మధ్యాహ్నం మండపం మెట్ల మీద కూర్చుని, చెల్లెలు తెచ్చిన చిత్రాన్నం తింటున్నాం. అప్పుడు అడిగింది.

"అక్కా, నేనిచ్చిన అట్టలు ఏమన్నా మిగిలినాయా?"

"ఎందుకు?"

ఆమె కొడుకు వైపు చూసింది. వాడు చెయ్యి కడుక్కుని వచ్చి నా కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"మల్ల చేతి మగ్గం పెడదామనుకుంటాండా పెద్దమ్మా. మర మగ్గం చప్పుడుకు చెవులు పోతాండాయి. నేసినా అందరూ నేసేదే నేస్తాండాం. బెంగళూరులో ఒకాయన పాత అంచులు నేసిస్తే తీసుకుంటానన్నాడు. నాయన కట్టిన చెనక్కాయ తీగ ఉండాది కదా, అదైతే ఎవురి దగ్గరా లేదు."

ఆ తీగ గురించి నాకు తెలుసు. మా మరిది తనంతట తాను గీసి, గడులలో నింపి, అట్టలు కొట్టించుకున్న డిజైను. అంచు పైన వేరుశనగ ఆకులు, పసుపు పూలు. పూల నుంచి కిందికి దిగే ఊడలు. ఊడల చివర కాయలు. అందరూ మామిడి పిందెలు, హంసలు నేస్తుంటే అతను చేను చూసి గీశాడు. ఎక్కువ చీరలు పోలేదు, పట్టుచీర మీద చెనక్కాయలేమిటని షావుకారు నవ్వాడట. ఒక చీర మాత్రం మా చెల్లెలికి నేసిచ్చాడు. మరిది జబ్బు పడినప్పుడు ఆ చీరను జరీ కోసం పాత పట్టుచీరలు కొనేవాళ్ళకు ఇచ్చేసింది. వాళ్ళు కాల్చి వెండి తీసుకుంటారు. కాబట్టి చీర కూడా లేదు.

"నాయన ఆ కట్టను ఎర్ర పీలికతో కట్టి పెట్టినాడంట. అమ్మకు గుర్తుండాది" అన్నాడు.

నా చేతిలో ముద్ద అట్లే ఉంది.

"అటక ఖాళీ చేసేటప్పుడు నేను చూడల్యా అక్కా" అంది మా చెల్లెలు. "అన్నీ ఒకటేగా తోసేసినా. ఇప్పుడు వెతుకుతాంటే అది నీకు వచ్చిన దాంట్లోనే పోయింటాదని అనిపించె. ఉంటే ఇయ్యి. లేకపోతే లే."

"ఉండాది" అన్నాను.

"యాడ?"

తలుపు వైపు చూపించాను. మెట్ల మీద నుంచే బొమ్మ కనబడుతోంది. ఎవరో బడిపిల్లలు దాని ముందర వరసగా నిలబడి ఉన్నారు. మా చెల్లెలు అటు చూసింది. టిఫిన్ డబ్బా మూత పెట్టి, మళ్ళీ తీసి, నాకు ఇంకొంచెం చిత్రాన్నం వేసింది.

అనంతపురం అడిగినాయనకు వద్దని చెప్పాను. కారణం అడిగాడు, చెప్పలేదు. చెబితే ఆపేవాడు. ఎగ్జిబిషన్ ముగిశాక బొమ్మను హిందూపురం తీసుకుపోకుండా, అటునుంచి అటే ధర్మవరం తీసుకుపోయాను. దారి పొడవునా ఆటోలో నాకొక ఆశ ఉండింది. పలకలో రెండు వరసలున్నాయి. వెనక వరస ఊడదీసినా ముందు వరస మీద బొమ్మ నిలుస్తుంది. సగం అట్టలు వాళ్ళకు, అమ్మ నాకు. సగం అట్టలతో ఆ తీగను ఎట్లాగో పట్టుకోగలరని అనుకున్నాను. మగ్గం పని నాకు అంతే తెలుసు.

మా చెల్లెలి ఇంట్లో పూడ్చిన మగ్గం గుంత మీదే తడి గోతాం పరిచి, బొమ్మను బోర్లా పెట్టాం. పక్క గదిలో మర మగ్గాలు ఆడుతున్నాయి. గట్టిగా మాట్లాడితే తప్ప వినబడదు. వేడినీళ్ళలో గుడ్డ ముంచి వెనక రాస్తుంటే పంచె గుడ్డ ఊడి వచ్చింది. బంక కరిగేకొద్దీ వెనక వరస అట్టలు ఒకటొకటే లేచాయి. చెల్లెలి కొడుకు ఒక అట్ట తీసుకుని, సూదితో తూట్లలోని సుద్ద పొడిచి, వెలుతురుకు పెట్టి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"పెద్దమ్మా, కొనలు యాడ?"

"కోసేసినా. పెద్ద తూట్లుంటాయి కదా, రంగు నిలవదు."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ. ఏం?"

వాడు అట్టను నేల మీద పెట్టాడు. "నెంబర్లు ఆడనే కదా రాస్తారు. ఏ అట్ట ముందు, ఏది ఎనక, ఎటువైపు పైకి, అన్నీ ఆడనే ఉంటాయి."

కొనల మీద పెన్సిలుతో అంకెలుండటం నేను చూశాను. మూడో తరగతే చదివినా అంకెలు చదవగలను. అవి అట్టలకు తూట్లు కొట్టినవాడి గుర్తులేమో అనుకున్నాను. ఏ మగ్గపు ఇంటిలో పుట్టిన పిల్లను అడిగినా చెప్పేది. నేను అడగలేదు, మా చెల్లెలు నేను కొనలు కోయడం చూడలేదు.

"నెంబర్లు లేకపోతే ఇంగ రాదా?" అని చెల్లెలు అడిగింది.

"కంటితో చూసుకుంటా కూర్చల్ల. ఆకు యాడ ఆగింది, ఊడ యాడ మొదలయింది అని. అన్ని అట్టలూ ఉంటే ఎప్పటికన్నా కూర్చొచ్చు. సగం ఉంటే ఏమీ రాదమ్మా."

అప్పుడు మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

"చాల్లే అక్కా. ఆపుదాం. అటుపక్క అమ్మ ఉండాది."

"తీగ వద్దా నీకు?"

"ఆయప్ప పాయె, చీర పాయె. తీగ ఒకటి రాకుంటే ఏమయితాది? అమ్మను ఎత్తి గోడకు పెట్టుకుందాం. నీ ఇంట్లోనో నా ఇంట్లోనో."

ఆ మాట విని ఉండాల్సింది. ఎన్నోసార్లు ఆ చోటికి మనసు పోతుంది. కానీ నా స్వభావం ఒకటుంది. మొదలుపెట్టిన పనిని సగంలో వదిలితే నాకు అన్నం దిగదు. సగం ఊడదీసిన పలక, సగం తడిసిన అట్టలు, వాటిని అట్లా వదిలేస్తే రెండూ పాడైనట్టే కదా అనిపించింది. ఒకటైనా పూర్తిగా దక్కాలి. పైగా చెల్లెలు తన మొగుడి వస్తువును వద్దంటోంది, నేను నా వస్తువును పట్టుకుని కూర్చున్నట్టుంటుంది. ఆ చిన్నతనం నాకు ఇష్టం లేదు.

"నీళ్ళు చల్లారిపోతాండాయి. పో, ఇంగో చెంబు తీస్కరా" అన్నాను.

"అక్కా."

"బిన్నా పోమే."

బొమ్మ బోర్లా ఉంది కాబట్టి పోయేది కనబడలేదు. అట్టలు లేస్తుంటే కింద గోతానికి రంగు పట్టుకుని చర్రుమనే చప్పుడు మాత్రం వినబడింది. అంతా ఎత్తాక చూస్తే చింతపండు కుప్పలు, గోతాలు, పక్కన కూర్చున్న ఆడవాళ్ళు అందరూ ముడతలు పడిన తోలులాగా గోతానికి అంటుకుని ఉన్నారు. అమ్మ ముఖం ఉన్న చోట మాత్రం ఖాళీ. గీకి గీకి సుద్ద పోయిన చోట రంగు అట్టనే పట్టుకుంది. ఆ ముఖం మూడు అట్టల మీద మూడు ముక్కలుగా ఉండిపోయింది. ఒకదాని మీద నుదురు, బొట్టు. ఒకదాని మీద పైకెత్తిన కళ్ళు. ఒకదాని మీద నోరు, గడ్డం.

గోతాన్ని మా చెల్లెలు మడిచి ఎక్కడో పెట్టింది. ఎక్కడ పెట్టావని నేను అడగలేదు.

తడిసిన అట్టలు ఉబ్బాయి. రోలు బరువు పెట్టి నీడలో ఆరబెట్టాం. చెల్లెలి కొడుకు కొన్నాళ్ళు పని అయ్యాక సందకాడ వాటిని నేల మీద పరుచుకుని చూసేవాడు. ఎటు పైకో తెలియదు, ఏది ముందో తెలియదు. బెంగళూరాయన ఎదురుచూడలేక ఇంకొకరి దగ్గర ఇంకో అంచు తీసుకున్నాడు. చెల్లెలి కొడుకు కంప్యూటరు సెంటరుకు పోయి చెనక్కాయ తీగ కొత్తగా గీయించుకుని వచ్చాడు. దాన్ని మర మగ్గం మీదే నేస్తున్నాడు. చీరలు బాగానే పోతున్నాయట. చేతి మగ్గం మాట మళ్ళీ ఎత్తలేదు. మా చెల్లెలు ఆ కొత్త అంచును ఒకసారి చేత్తో తడిమి, "ఊడలు నేలకు దిగల్ల కదా, ఇవి పక్కకు పోతాండాయి" అని ఊరుకుంది. ఆ రోజు నుంచి అట్టలు తాను ముందర వేసుకుంది.

నేను అమ్మను మళ్ళీ వేయాలని చూశాను. వేరే అట్టలు, అదే రంగు, అదే చింతపండు. ముఖం కుదరడం లేదు. ఎన్నిసార్లు గీకినా వచ్చేది నా ముఖమే. నేను ఇప్పుడు అమ్మ బతికిన వయసు దాటిపోయాను, అద్దంలో రోజూ చూసేది చేతిలోకి వచ్చేస్తోందేమో. ఒకటి కొంచెం కుదిరిందనిపించి ధర్మవరం తీసుకుపోయి చెల్లెలికి చూపించాను.

"ఇది నువ్వే కదక్కా" అంది. "నువ్వు అరవకుండా ఉంటే ఇట్లుంటావు."

దాన్ని హిందూపురంలో ఎగ్జిబిషన్‌కు పెట్టాను. స్వీయచిత్రం అని చీటీ అతికించారు. పీకేయమని చెప్పలేదు.

ఈమధ్య మళ్ళీ పోయాను. ఉదయం రైలుకు పోతే సాయంత్రం రైలుకు రావచ్చు. చెల్లెలు నేల మీద అట్టలు పరుచుకుని కూర్చుని ఉంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. కూర్చినంత మేరకు అట్టలను దారంతో కుట్టుకుంటూ వస్తోంది. బారెడు మాల అయింది. తూట్లను చూసి నాకేమీ అర్థం కాలేదు.

"ఇదో, ఇది ఆకు. ఈడ పువ్వు. ఈడ ఊడ దిగుతాండాది చూడు" అని వేలితో చూపించింది. ఆమె వేలు ఆగిన అట్ట మీద మా అమ్మ నోరు ఉంది. గడ్డం కింద మెడ లేక గాలిలో తేలినట్టుంది. "అమ్మ నోరు ఈడ కుచ్చునె. ఇదీ సరిగ్గా కుచ్చునె."

"నుదురు?"

"అది అదో, ఆ మూల. మొన్న దొరికింది దాని తావు."

నోటికి, నుదురుకు మధ్య చెయ్యి చాచినంత దూరం ఉంది. పక్కన కుప్పలో తావు దొరకని అట్టలున్నాయి. అన్నిటికన్నా పైన కళ్ళ అట్ట ఉంది. దుమ్ము పడకుండా ఆమె దాన్ని తరచు తుడుస్తున్నట్టుంది, మెరుస్తోంది. కళ్ళ నిండా తూట్లు. అయినా ఆ చూపు అట్లాగే ఉంది, తల ఎత్తకుండా పైకి చూసే చూపు.

నేను ఎవరినీ ఏదీ అడిగేదాన్ని కాదు. ఆ రోజు అడిగాను.

"ఇది ఏ తావులోనూ కుచ్చోల్యా కదా. ఇంతకాలంగా పైనే ఉండాది. నాకిస్తావా? దీన్ని ముందర పెట్టుకుంటే మిగతా ముఖం వేయగలనేమో."

మా చెల్లెలు ఆ అట్టను తీసి ఒళ్ళో పెట్టుకుంది. కొంగుతో తుడిచింది.

"ఇయ్యొచ్చు అక్కా" అంది. "కానీ యాడో ఒకచోట ఇది కుచ్చుంటాది. ఇది లేకుంటే తీగ ఆడ తెగిపోతాది. తెగితే ముందరిదీ ఎనకదీ దేనికీ పనికిరావు."

"నిజమే" అన్నాను.

"నువ్వే కదా ఆ రోజు నీళ్ళు తెమ్మనింది."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది. నేనూ కాదనలేదు. ఆపుదాం అన్న మనిషే ఆమె. ఆ రోజు ఆపి ఉంటే, గోడకు అమ్మ ఉండేది, ఈమె ఇట్లా నడుము వంచుకుని నేల మీద కూర్చునేది కాదు.

ఆమె ఆ అట్టను కిటికీ వైపు ఎత్తి మళ్ళీ చూసింది, ఇది ఆకా, ఊడా అని. తూట్లలోంచి వెలుతురు వచ్చి ఆమె చెంపల మీద చుక్కలు చుక్కలుగా పడింది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. ఏమీ తేలక మళ్ళీ కుప్ప మీదే పెట్టింది. నేను రైలుకు టైమయిందని లేచాను.